తోటరాముడు మన ఊరికి వచ్చిన దారి

మా ఊళ్ళో డేరా హాలు ఉన్న రోజుల్లో సినిమా మారేనాటి సాయంత్రం బస్సు మీంచి పెట్టె దిగిందా లేదా అన్నదే పిల్లలందరి బెంగ. పట్టీలు వేసిన రేకు పెట్టె అది. అంతకు ముందు ఆడివచ్చిన ఊళ్ళ పేర్ల చీటీలు దాని మీద ఒకదానిపై ఒకటి అంటుకుని, సగం చిరిగి ఉండేవి. ఒకసారి ఆ పెట్టెలో ‘పాతాళభైరవి’ వచ్చింది. అప్పటికే ఆ సినిమాకు ఇరవై ఏళ్ళు పైబడ్డాయి. తెర మీద వాన కురుస్తున్నట్టు నిలువు గీతలు, మధ్యమధ్య మాటలు మింగేసే అతుకులు. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఒక ఇంటర్వెల్లు. నేపాళ మాంత్రికుడు బలికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాక, సరిగ్గా అసలు ఘట్టంలో, ఫిల్ము పుటుక్కున తెగింది. మళ్ళీ బొమ్మ పడేసరికి మాంత్రికుడు లేడు, అమ్మవారి ప్రతిమ తోటరాముడి చేతిలో ఉంది. మధ్య ముక్క ఏ ఊళ్ళోనో ఎప్పుడో కత్తెర పాలయింది. నా పక్కన ఇసుక కుప్ప చేసుకుని కూర్చున్న పెద్దాయన ఒకరు చుట్ట పక్కన పెట్టి, పోయిన ముక్కంతా చెప్పుకొచ్చారు. బలి ఇవ్వబోయినవాడే ఎలా బలైపోయాడో, అమ్మవారు ఎలా ప్రత్యక్షమైందో, ఆవిడ నోట ఏ మాట వచ్చిందో అన్నీ. మేం తెర సంగతి మరిచిపోయి ఆయన మొహమే చూస్తూ విన్నాం.

జానపద సాహస చిత్రాలు జనాన్ని ఎలా చేరతాయి అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పెద్దాయనే. ఆయన ఆ సినిమా ఎన్ని హాళ్ళలో, ఎన్ని ఏళ్ళలో, ఎన్నిసార్లు చూసి ఉంటే అంత పొల్లుపోకుండా చెప్పగలిగారు? వారం రోజుల్లో వచ్చి వెళ్ళిపోయే సినిమా అలాంటి ప్రేక్షకుణ్ణి తయారు చేయలేదు. ‘పాతాళభైరవి’ వచ్చి ఏడున్నర దశాబ్దాలు అవుతున్న ఈ సమయంలో, ఆ తోవలో నడిచిన సినిమాలన్నిటినీ ఒకసారి వరసగా తలుచుకుంటే నాకు తేలేది ఇది: ఈ కోవ సినిమాకు జనం ఆలస్యంగా వస్తారు, వచ్చాక తరాల తరబడి వదలరు. ఆ ఆలస్యాన్ని ఓర్చుకునే శక్తి సినిమాకు ఉంటుందా ఉండదా అన్నది తెర మీది మాయకు ఎంత ఖర్చు పెట్టారన్న దాని మీద ఆధారపడి ఉంది.

సినిమా కంటే ముందే కథ ఊళ్ళు తిరిగింది. 1942లో జెమినీ వారు సి. పుల్లయ్య దర్శకత్వంలో ‘బాలనాగమ్మ’ తీసేనాటికి ఆ కథ బుర్రకథ దళాల నోట, అమ్మమ్మల నోట నలిగినదే. కాంచనమాలను, గోవిందరాజుల సుబ్బారావును చూడడానికి వెళ్ళినవాళ్ళకు అందులోని మాంత్రికుడు మాయల మరాఠీ కొత్తవాడు కాడు. అంతవరకు చెవికి తెలిసినవాడు కంటికి కనిపించాడు, అంతే. ‘పాతాళభైరవి’కి మూలమైన ‘కాశీమజిలీ కథలు’ కూడా ఇళ్ళలో చదివి వినిపించుకున్న పుస్తకం. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ సంపుటాల్లో మణిసిద్ధుడనే యతి కాశీకి వెళుతూ, తోడుగా వచ్చిన గొల్ల కుర్రవాడికి మజిలీకి ఒక కథ చెబుతాడు. కథ కోసమే కుర్రవాడు నడుస్తాడు. మన జానపద చిత్రం నడిచిన తీరు కూడా ఇదే. ఒక మజిలీలో ఆగడం, కథ చెప్పడం, పెట్టె సర్దుకుని మరో మజిలీకి బయల్దేరడం.

విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలోనే ‘చందమామ’ ప్రారంభించారు. ఒకే గడప నుంచి పిల్లల పత్రిక, జానపద చిత్రం రెండూ వెలువడడాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. ‘చందమామ’ బొమ్మల్లో కోటలు, గుహలు, రాక్షసులు చూసి పెరిగిన పిల్లవాడు హాల్లోకి వచ్చేటప్పటికే సగం ప్రేక్షకుడు. ప్రచారం కోసం ఇంత మంచి ఏర్పాటు ఈనాటి ఏ సంస్థకూ లేదు. పైగా వాళ్ళు దాన్ని ప్రచారం కోసం చేయలేదు, పిల్లల కోసం చేశారు.

విజయా వారి మొదటి సినిమా ‘షావుకారు’ 1950లో మంచి పేరు తెచ్చుకున్నా డబ్బు పెద్దగా తేలేదు. ఆ తర్వాత 1951 మార్చి 15న ‘పాతాళభైరవి’ విడుదలైంది. దర్శకుడు కె.వి. రెడ్డి అంతకు ముందే వాహినీకి ‘గుణసుందరి కథ’ తీసి చెయ్యి తిరిగినవాడు. పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళ. ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండని ఎన్.టి. రామారావు తోటరాముడు. ఎస్.వి. రంగారావు మాంత్రికుడు. అదే ఏడు తమిళంలోనూ వచ్చింది, మరుసటి ఏడు జెమినీ వారి ద్వారా హిందీలోకి వెళ్ళింది. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపించారు. పాన్ ఇండియా అన్న మాట పుట్టక ముందు సంగతి ఇది. ‘పాతాళభైరవి’కి రెండేళ్ళ ముందు మీర్జాపురం రాజావారి ‘కీలుగుర్రం’ తమిళంలోకి డబ్బింగై ‘మాయ కుదిరై’గా వెళ్ళింది. ఇంకో ఏడాది వెనక్కి వెళితే 1948లో జెమినీ వాసన్ గారి ‘చంద్రలేఖ’ తమిళం నుంచి హిందీకి వెళ్ళి, దక్షిణాది కోటలూ కత్తియుద్ధాలూ ఉత్తరాదిలోనూ ఆడతాయని నిరూపించింది. రాజకుమారిని కోరుకునే తోటమాలి కొడుక్కి, గాలిలో ఎగిరే కొయ్యగుర్రానికి భాష అడ్డు రాదు. సాంఘిక చిత్రం ఒక్కో ప్రాంతపు కట్టుబొట్టుకు, మాటకు, మర్యాదకు ముడిపడి ఉంటుంది. జానపదానికి ఆ ముడి వదులుగా ఉంటుంది కాబట్టే తెలుగు సినిమా ఎప్పుడు పొలిమేర దాటినా ఎక్కువసార్లు ఈ గుర్రమెక్కే దాటింది.

పొలిమేర లోపల దారి మాత్రం వేరు. మన సినిమా వ్యాపారంలో ఇప్పటికీ నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అనే ఏరియాలుగా లెక్క చెప్పుకుంటారు. 1800లో నిజాం ఇంగ్లీషువారికి ధారాదత్తం చేసిన జిల్లాలకు పడిన ‘సీడెడ్’ పేరు ప్రజలు వదిలేసి రాయలసీమ అని పెట్టుకున్నా, సినిమా వాళ్ళ నోట అలాగే ఉండిపోయింది. ఒక్కో ఏరియాను ఒక్కో బయ్యరు కొనుక్కునేవాడు. చేతిలో ఉన్న కొద్ది ప్రింట్లను ముందు పట్టణాల్లో ఆడించి, అక్కడ అలసిపోయాక చిన్న ఊళ్ళకు, ఆ తర్వాత డేరా హాళ్ళకు పంపేవాడు. బెజవాడ గాంధీనగరం ఆఫీసుల్లోంచి బయల్దేరిన పెట్టె ఏజెన్సీ గ్రామం చేరడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ లోపల సినిమా కంటే ముందు దాని మాట చేరేది. మైకు కట్టిన బండి, రంగు కాగితాల కరపత్రాలు, అణాకో బేడకో పాటల పుస్తకం. సాయంత్రం హాలు మీది హారను గొట్టంలో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట వినపడితే ఆట మొదలవబోతోందని పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా కాళ్ళు కడుక్కునేవారు. సినిమా ఊరికి రావడం అంటే పండగ రావడం. పండగ ఒక్కసారే వచ్చి పోదు కదా, మళ్ళీ మళ్ళీ వచ్చేది.

ఈ నెమ్మది ప్రయాణాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాడు బి. విఠలాచార్య. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగువాళ్ళ చేత జానపద బ్రహ్మ అనిపించుకున్నాడు. విమర్శకులు ఆయన్ను చాలాకాలం చిన్నచూపు చూశారు. అది అన్యాయం. ‘మదన కామరాజు కథ’, ‘బందిపోటు’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘అగ్గి బరాటా’, ‘లక్ష్మీ కటాక్షం’, ‘జగన్మోహిని’ ఒకదాని వెంట ఒకటి తీసుకుంటూ పోయాడు. ఆయన మాయ ఎలా తయారయ్యేదో దగ్గరగా చూస్తే ఆ వ్యాపారం మొత్తం అర్థమవుతుంది. మాంత్రికుడు చెయ్యి ఎత్తుతాడు. “కట్” అనగానే కెమెరా ఆగుతుంది. సెట్టులో ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోవాలి. కదలాల్సినవాడు ఒక్కడే, మాయమయ్యే మనిషి. అతను తప్పుకుంటాడు, అతను నిలబడ్డ చోట ఓ మేకనో కుక్కనో తెచ్చి కడతారు, కెమెరా మళ్ళీ తిరుగుతుంది. తెర మీద మనిషి క్షణంలో మేకైపోతాడు. వెనక నిలబడిన భటుడి తల కొంచెం పక్కకు జరిగి ఉంటే మనకు ఇప్పుడు దొరికిపోతుంది, అప్పుడెవరూ వెతకలేదు. ఇంకాస్త కష్టమైన పనికి లెన్సులో సగం మూసి ఒకసారి, మిగతా సగం మూసి ఇంకోసారి అదే ఫిల్ము మీద తీసేవారు. రవికాంత్ నగాయిచ్ లాంటి ఛాయాగ్రాహకులు ఈ విద్యలో ఆరితేరారు. దీనికంతటికీ అయ్యే ఖర్చు కొన్ని అడుగుల ఫిల్ము, ఒక పూట కూలి, బోలెడంత ఓపిక.

మాట వినని నటుడి పాత్రను శాపం పేరుతో ఏ చిలకగానో మార్చేసి షూటింగు సాగించేవాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. అది ఎంతవరకు నిజమైనా, ఏ వేషానికీ ఏ సెట్టుకూ సినిమా తాకట్టు పడకూడదన్న ఆయన పట్టుదలను అది సరిగ్గానే పట్టిస్తుంది. వేసిన కోట మళ్ళీ వేరే సినిమాలో కోట అయ్యేది. కత్తి కాంతారావు గారు అడిగినన్ని తేదీలు ఇచ్చేవారు. మాయ చవక కాబట్టి బయ్యరుకు సినిమా చవకగా దొరికేది. చవకగా కొన్నవాడు తొందరపడడు. మొదటి వారం వసూళ్ళు పల్చగా ఉన్నా, పెట్టె తిరుగుతూనే ఉంటుందని, నేల టికెట్టు జనం ఏదో ఒకనాటికి తన డబ్బు తనకు తెచ్చిపెడతారని అతనికి ధీమా. నిజానికి ఆ సినిమాలను బతికించింది ఆ ధీమాయే.

డెబ్భైల్లో రంగు వచ్చి పడింది. రంగుల్లో కోట కట్టాలంటే ఖర్చు పెరిగింది, నలుపు తెలుపుల్లో దాగిన అట్ట రంగుల్లో బయటపడింది. హీరోలు ప్యాంట్లు, షర్టుల్లోకి మారిపోయారు. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్రాలను, నిధిని ఉంచుకుని మంత్రాన్ని తీసేసింది. సాహసం కావాల్సిన కుర్రకారు అటు వెళ్ళారు. ‘జగన్మోహిని’ లాంటివి అక్కడక్కడ మెరిసినా, కోదాడ దగ్గర గుడిబండలో పుట్టి తెలుగునాట ప్రతి పిల్లవాడి చేతా పుల్ల కత్తి పట్టించిన కాంతారావు గారు సొంత సినిమాలు తీసి నష్టపోయి, చివరి దశలో చిన్నచిన్న పాత్రలతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మన పరిశ్రమ ఆయనకు చేయాల్సినంత చేయలేదు.

ఈ కోవ మళ్ళీ లేచింది తుపానులో. మాట వరసకు అంటున్నది కాదు. 1990 మే 9న, అశ్వనీదత్ నిర్మించగా కె. రాఘవేంద్రరావు తీసిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైన రోజే కృష్ణా డెల్టా మీద పెనుతుపాను విరుచుకుపడింది. వందల ప్రాణాలు పోయాయి, ఊళ్ళు నీట మునిగాయి, కరెంటు లేదు, బస్సులు లేవు. ఈనాటి లెక్కలో అయితే ఆ సినిమా మొదటి రోజు సాయంత్రానికే ముగిసిపోవాలి. కానీ నీళ్ళు తీశాక జనం వచ్చారు. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. స్వర్గం నుంచి దిగి ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజను, ఆమెకు దొరికిన గైడు రాజును ఆ వేసవంతా చూస్తూనే ఉన్నారు. హాళ్ళవాళ్ళు వేచి ఉన్నారు, బయ్యర్లు వేచి ఉన్నారు. అప్పటికి ఇంకా వేచి ఉండే వెసులుబాటు వ్యాపారంలో మిగిలి ఉంది. సరిగ్గా 35 ఏళ్ళకు, 2025 మే 9న, అదే సినిమాను శుభ్రం చేసి త్రీడీతో సహా మళ్ళీ విడుదల చేస్తే, అప్పటి పిల్లలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు.

మరుసటేడు సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ కాలయంత్రం ఎక్కించి కృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్ళింది. 1994 ఏప్రిల్లో చందమామ విజయా కంబైన్స్ పేరు మీద ఆయనే ‘భైరవద్వీపం’ తీశారు. ‘పాతాళభైరవి’ ఇంటి పేరు ఆ సంస్థ పేరులోనే ఉంది. మార్కస్ బార్ట్‌లీ నాటి చేతిపని మాయకు అది దాదాపు చివరి గొప్ప ప్రదర్శన. ఆ మరుసటేడు ‘అమ్మోరు’తో కంప్యూటరు మాయ తెలుగు తెర మీద స్థిరపడింది. కథ అక్కడ మలుపు తిరిగింది.

కంప్యూటరు మాయ తీయడానికి ఒక పూట కాదు, ఏళ్ళు పడతాయి. ఏళ్ళంటే వడ్డీ. ‘అమ్మోరు’ తీసిన అదే నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి, అదే దర్శకుడు కోడి రామకృష్ణ, చిరంజీవి కథానాయకుడిగా మొదలుపెట్టిన ‘అంజి’ కొన్నేళ్ళ పాటు సాగి, 2004 సంక్రాంతికి బయటికి వచ్చింది. ఆత్మలింగం చుట్టూ అల్లిన ఆ ముగింపు ఘట్టానికి పట్టిన శ్రమ ఇప్పటికీ తెర మీద కనిపిస్తుంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. కానీ అదే పండక్కి ‘వర్షం’, ‘లక్ష్మీనరసింహ’ వచ్చాయి, జనం అటు మళ్ళారు. ఏళ్ళ తరబడి పెరిగిన ఖర్చు రెండు వారాల పండగలో తిరిగి రావాలంటే ఎలా వస్తుంది? విఠలాచార్య బయ్యరైతే పెట్టెను ఇంకో ఊరికి పంపేవాడు. ‘అంజి’ బయ్యరుకు ఆ దారి లేదు. అయితే ఈ సినిమాకు అసలు ప్రేక్షకులు తర్వాత దొరికారు, టీవీలో. ఎండాకాలం సెలవుల మధ్యాహ్నాలు ‘అంజి’ చూస్తూ పెరిగిన పిల్లలకు అది ఫ్లాపని ఎవరూ చెప్పలేదు. ఇవాళ వాళ్ళే ఆ సినిమా గురించి ఎక్కువ ప్రేమగా మాట్లాడుతున్నారు. ఆలస్యంగా వచ్చే ప్రేక్షకుడంటే వీళ్ళే. వీళ్ళ ప్రేమ మాత్రం నిర్మాత పుస్తకంలో జమ కాలేదు.

2011 సంక్రాంతికి ఇంకో పాఠం వచ్చింది. హాలీవుడ్డు డిస్నీ సంస్థ తెలుగులోకి అడుగుపెట్టి, కె. రాఘవేంద్రరావు కుమారుడు ప్రకాశ్ దర్శకత్వంలో ‘అనగనగా ఓ ధీరుడు’ తెచ్చింది. సిద్ధార్థ్ గుడ్డి వీరుడు, మంచు లక్ష్మి మంత్రగత్తె. ఆమె అభినయం నిజంగా బాగుంది. అంత పెద్ద సంస్థ చెయ్యి వేసినా సినిమా నిలబడలేదు. నా ఉద్దేశంలో ఇందుకు కారణం పూర్తిగా వ్యాపారం కాదు. అందులోని ఊరికి చిరునామా లేదు. ఆ కోటలు ‘చందమామ’ బొమ్మల్లోంచి కాక ఇంకేదో దేశపు బొమ్మల పుస్తకంలోంచి వచ్చినట్టుంటాయి. బాలనాగమ్మ కథలాగా జనం ముందే చెవితో విని ఉన్నది కాదు. ముందే వినని కథకు మొదటి వారంలో జనాన్ని రప్పించాలంటే ఎంత ప్రచారమైనా చాలదు. 2023 ఏప్రిల్లో వచ్చిన ‘శాకుంతలం’ కథ అందరికీ తెలిసిందే, కానీ అది తెర మీద పల్చగా కనిపించింది. దాన్ని ఏ ఓపికా కాపాడేది కాదు. కాలం ఇస్తే అన్నీ ఆడతాయని నేననడం లేదు. ఆడవలసినవి ఆడడానికి కాలం కావాలంటున్నాను.

ఖరీదైన మాయతో కూడా దారి కనిపెట్టినవాడు రాజమౌళి. ఆయన చేసింది జాగ్రత్తగా గమనిస్తే పాత పద్ధతినే కొత్త కొలతల్లో చేశాడు. 2009లో ‘మగధీర’, 2012లో ‘ఈగ’ రెండూ తెలుగు జనానికి ఈ మాయల మీద నమ్మకం తెప్పించాయి. మన సినిమాలు డబ్బింగై టీవీలో పదేపదే రావడంతో హిందీ ఇళ్ళలో తెలుగు హీరోల మొహాలు పరిచయమయ్యాయి. పూర్వం బుర్రకథ చేసిన పని ఇప్పుడు టీవీ చేసిందన్నమాట. ఆ పునాది మీద ఆర్కా మీడియా వారి ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. తెలుగునాట మొదటి రోజు ఉదయం వచ్చిన టాక్ మిశ్రమంగానే ఉంది. కథ సగంలో ఆగిపోయిందని కొందరు నొచ్చుకున్నారు. కానీ ఆ సగంలో ఆపడమే మణిసిద్ధుడి విద్య. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నను దేశం మొత్తం ఇరవై ఒక్క నెలలు మోసింది. ఆ మధ్యలో నవల వచ్చింది, బొమ్మల ధారావాహిక వచ్చింది. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేటప్పటికి ప్రేక్షకుడు హాలు బయట నిలబడి ఉన్నాడు. 1,700 కోట్ల పైచిలుకు వసూళ్ళు, ఒక్క ఉత్తర అమెరికాలోనే రెండు కోట్ల డాలర్లు దాటిన లెక్క అందరికీ తెలిసినవే. మూడు రోజుల్లో వచ్చినట్టు కనిపించిన ఆ జనం నిజానికి రెండేళ్ళుగా నడిచి వచ్చినవాళ్ళు.

అదే సినిమా బయటి దేశాల్లో చూపిన రెండు ముఖాలు ఇంకా ఆలోచింపజేస్తాయి. మొదటి భాగాన్ని 2016 జులైలో చైనాలో పెద్ద ఎత్తున వదిలితే ఎవరూ పట్టించుకోలేదు. జపానులో చిన్నగా వదిలారు. రెండో భాగం 2017 డిసెంబరు చివర అక్కడి కొద్ది హాళ్ళలో మొదలై వంద రోజులు దాటింది. అరుస్తూ చూడడానికి వీలిచ్చే ప్రత్యేక ఆటలు పెట్టారు. తంబురీన్లు, గంటలు, వెలుగు కడ్డీలు పట్టుకుని, దేవసేనలాగా కట్టుబొట్టు పెట్టుకుని వచ్చిన జపాను యువతులు జై మాహిష్మతి అంటుంటే, ఆ వీడియోలు చూసిన నాకు మా డేరా హాల్లో ఈలలే వినపడ్డాయి. హాలు చిన్నదైనా ఆటలు ఆగకుండా ఉంటే చూసినవాడు మళ్ళీ వస్తాడు, ఇంకొకణ్ణి తీసుకొస్తాడు. చైనాలో ఆ అవకాశం సినిమాకు దొరకలేదు, జపానులో దొరికింది.

ఇక మన దగ్గర ఇప్పటి పరిస్థితి. పెట్టె పోయింది, క్యూబు, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ పద్ధతుల్లో సినిమా ఒక్క రోజే వేల తెరల మీద పడుతుంది. ఏజెన్సీ గ్రామం ఏడాది ఆగనక్కర్లేదు, ఇది గొప్ప మేలు. కానీ అన్ని చోట్లా ఒకేసారి మొదలైంది అన్ని చోట్లా ఒకేసారి ముగుస్తుంది. నాలుగు వారాలకు ఓటీటీలోకి వస్తుందని తెలిసిన ఇల్లాలు నలుగురు పిల్లలతో హాలుకు ఎందుకు బయల్దేరుతుంది? ధరల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో పంచాయతీ ఊళ్ళలో ఆఖరి తరగతి టికెట్టు ఐదు రూపాయలకు దింపితే హాళ్ళు నడవలేమన్నాయి, ఆ మాటలో నిజముంది. 2022 మార్చిలో కనిష్ఠ ధర 20 రూపాయలు చేస్తూ, నిర్మాణ ఖర్చు వంద కోట్లు దాటిన సినిమాలు మొదటి పది రోజులు అదనంగా వసూలు చేసుకోవచ్చన్నారు. ఇప్పుడు వంద కోట్లు దాటేది ఏ సినిమా? ఎక్కువగా మాయలున్న సినిమాయే. అంటే ఏ సినిమా పిల్లలది కావాలో, దాని టికెట్టే పిల్లలు అడిగే మొదటి పది రోజుల్లో అందనంత ఎత్తులో ఉంటుంది. 2025 మే నెలలో ఒంటితెర హాళ్ళవాళ్ళు అద్దె వద్దు, వసూళ్ళలో వాటా కావాలని పట్టుబట్టి, జూన్ 1 నుంచి మూసేస్తామని హెచ్చరించి, తర్వాత విరమించారు. నిలకడగా వాటా వచ్చే పద్ధతి ఉంటే హాలు యజమానికి కూడా నెమ్మదిగా పుంజుకునే సినిమాను ఉంచుకోవాలన్న ఆశ పుడుతుంది. ఆ గొడవ డబ్బు గొడవగానే పత్రికల్లో వచ్చింది గాని, అందులో ఈ మేలు కూడా ఉంది.

ఇంత ఇరుకులోనూ పాత దారి పనిచేస్తుందని మూడు నాలుగు సినిమాలు చూపించాయి. 2022 ఆగస్టులో ‘కార్తికేయ 2’ హిందీలో వందకు లోపు ఆటలతో మొదలై, చూసినవాళ్ళ మాట మీద వెయ్యికి పైగా పెరిగింది. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’తో ఒకే రోజు వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’కు హైదరాబాదులో దొరికిన ఒంటితెర హాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ధర పెంచలేదు. అంజనాద్రి అనే ఊరు, అక్కా తమ్ముడు, కొండంత హనుమంతుడు. ఇవి బాలనాగమ్మలాగా జనం చెవికి ముందే తెలిసినవి. పిల్లలు ఇంట్లో పోరు పెట్టారు. రెండో వారానికి హాళ్ళు పెరిగాయి, దాదాపు 300 కోట్లు వచ్చాయి, కొన్ని చోట్ల వంద రోజులు ఆడింది, జాతీయ పురస్కారం వచ్చింది. పెద్ద హీరోల సినిమాల ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు చిన్నది, అందుకే అది ఓర్చుకోగలిగింది. ‘హను-మాన్’ హీరో తేజ సజ్జాతోనే 2025 సెప్టెంబరులో వచ్చిన ‘మిరాయ్’ కూడా మామూలు ధరలతోనే ఆడింది. అంతకు ముందు జులైలో వచ్చిన బొమ్మల చిత్రం ‘మహావతార్ నరసింహ’ మొదటి రోజు ఎవరూ గుర్తించనంత చిన్నగా మొదలై, వారాలు గడిచేకొద్దీ పెరిగింది. హైదరాబాదులో ఒక హాల్లో నేను దాన్ని మూడో వారం చూశాను. స్తంభం పగిలే ముందు నా ముందు వరసలో ఉన్న ఆరేళ్ళ పాప సీటు మీద లేచి నిలబడి, పక్కనున్న తాతకు తర్వాత ఏం జరగబోతోందో చెప్పేస్తోంది. ఆ పాప చూడడం అది రెండోసారట.

పెద్ద ఖర్చుతో పెద్ద కల కనేవాళ్ళను వద్దనడం లేదు. ‘కల్కి 2898 ఏడీ’ లాంటి ఊహ తెలుగులో పుట్టినందుకు గర్వపడాలి. 2025 నవంబరులో రామోజీ ఫిల్మ్ సిటీలో రాజమౌళి తన తర్వాతి సాహస చిత్రానికి ‘వారణాసి’ అని పేరు ప్రకటించినప్పుడు కాశీమజిలీల నుంచి మనం ఎంత దూరం వచ్చామో అనిపించి సంతోషం వేసింది. కానీ ఏడాదికి ఒక ‘వారణాసి’తో ఈ కోవ బతకదు. దాని చుట్టూ పది ‘హను-మాన్’లు ఉండాలి, అవి రెండో వారం, మూడో వారం కూడా హాల్లో ఉండాలి.

అందుకని నిర్మాతలకు, హాళ్ళవాళ్ళకు నా మనవి ఒక్కటే. పిల్లల కోసం తీసిన సినిమాకు మొదటి రోజు నుంచే మామూలు ధర పెట్టండి, కనీసం ఆదివారం ఉదయం ఆటకైనా. చదువుతున్న మీకు ఇంకొక మాట. మీ ఇంట్లో పిల్లవాడు ఇలాంటి సినిమా అడిగితే ఓటీటీకి వస్తుందిలే అని ఆపకండి. మొదటి మూడు రోజుల రద్దీ తగ్గనివ్వండి, రెండో వారంలో తాతనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని వాణ్ణి హాలుకు తీసుకెళ్ళండి.